ఇరవయ్యేడో బొమ్మ

సిద్దిపేట ముందుచూపు కేంద్రం ముందు పొద్దున్నే కనిపించే వరుసను చూసి కొత్తవాళ్లు మోసపోతారు. ఇంతమంది తమ రేపటిని తెలుసుకోవడానికి ఎగబడుతున్నారే అని ముచ్చటపడతారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, వేలు చాపి చుక్క రక్తం ఇస్తారు, గొట్టంలోకి ఊపిరి ఊదుతారు, పలక మీద నాలుగడుగులు నడిచి చూపిస్తారు, బయటపడతారు. ఫలితం ఇచ్చే కిటికీ హాలుకు అవతలి చివర ఉంది. దాని వెనక కూర్చున్న ఉద్యోగికి రోజంతా ఆవలింతలే పని. వచ్చినవాళ్లలో ముప్పాతిక మంది ఆ వైపు తల కూడా తిప్పరు.

అది 2091. ఆ యంత్రం పేరు భావిని. మనిషి ఒంట్లో వచ్చే ఏడాది బయటపడబోయే జబ్బు ఈ ఏడాదే ఎక్కడో ఒక కణంలో సణుగుడు మొదలుపెడుతుంది. రక్తంలోని ప్రోటీన్లు, ఊపిరిలోని వాయువులు, నడకలోని తూకం, ఈ మూడింటినీ కలిపి చదివి ఆ సణుగుడును వినడం భావిని పని. కోట్లాది మంది ఒంటి చరిత్రలు చదువుకున్న యంత్రం కనుక ఏడాది వరకూ దాని మాట దాదాపు తప్పదు. అంతకు మించి చెప్పమంటే చెప్పదు. ఆ మాత్రం బుద్ధి దానికి ఉంది.

రక్తం ఇవ్వకపోతే బీమా చెల్లదు కాబట్టి జనం ఇస్తారు. ఫలితం మాత్రం చట్టప్రకారం ఎవరిది వాళ్ల సొత్తు. వాళ్లు నోరు తెరిచి అడిగితే తప్ప డాక్టరు కాదు కదా, దేవుడు దిగివచ్చినా చూడడానికి వీల్లేదు. దాన్ని మూతఫలితం అంటారు. అలా మూత తీయని ఫలితాలు యంత్రంలో గుట్టలుగా పేరుకుపోయాయి. తినబోతూ రుచెందుకు అనేవాళ్లు కొందరు, ఈ ఏడు వద్దు వచ్చే ఏడు చూద్దాం అనేవాళ్లు మరికొందరు. నయం చేయగల జబ్బులతోనే జనం పోతూ ఉన్నారు.

ఈ సంగతి తలుచుకుంటే డాక్టర్ హన్వికకు ఒళ్లు మండిపోయేది. ఒకప్పుడు ఉయ్యాల పేర్లుగా వినిపించిన హన్విక, సాన్వి, ఆద్య ఇప్పుడు అమ్మమ్మల పేర్లు అయిపోయాయి. హన్వికకు కూడా అరవై నిండాయి. భావినికి చదువు చెప్పిన బృందంలో ఆమె ముఖ్యురాలు. అయినా ఆమె కన్నతల్లే మూడేళ్లు వరసగా రక్తం ఇచ్చి ఒక్కసారి కూడా ఫలితం తీసుకోలేదు. ఆమె పోయాక వారసులుగా పిల్లలకు చూసే హక్కు వచ్చింది. చూస్తే, మొదటి ఏడే తెలిసి ఉంటే చిన్న చికిత్సతో పోయే జబ్బు అది.

తల్లి చేర్యాలలో పెద్దకూతురు మేఘన దగ్గర ఉండేది. అక్కాచెల్లెళ్ల పుట్టిల్లు అది, తరతరాలుగా గుడ్డ మీద నకాషీ బొమ్మలు వేసే ఇల్లు. తల్లి పోయిన పదకొండో రోజు బంధువులందరూ విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా హన్విక అక్కను నిలదీసింది.

"నీ ఇంట్ల ఉన్నది అమ్మ. చెయ్యి పట్టుకొని ఆ కిటికీ కాడికి తీస్కపోవుడు నీకు చాతగాలేదా?"

మేఘన వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు లేవు. మేఘన బొమ్మలు వేయడం కూడా మానేసిందని ఎవరో చెబితే హన్విక విననట్టు ఊరుకుంది.

చిలక ఆలోచన ఆ దుఃఖంలోంచే వచ్చింది. చిన్నప్పుడు సిద్దిపేట బస్టాండు పక్కన చిలకజోస్యం చెప్పే ముసలాయన ఉండేవాడు. డాక్టరు మాట ఏనాడూ వినని తల్లి, ఆ చిలక బొమ్మ తీస్తుంటే మాత్రం ఊపిరి బిగబట్టి కూర్చునేది. చిలక ఏ బొమ్మ తీసినా తల ఊపి, చెప్పింది చెప్పినట్టు చేసేది.

"చిలక చెప్తే ఎందుకు వింటారు మేడం, డాక్టర్ చెప్తే ఎందుకు వినరు?" అని అడిగాడు ఇలియాస్. యంత్రాల చూపు మీద పనిచేసే ఇంజనీరు అతను. పాతబస్తీలో పుట్టి సిద్దిపేటలో స్థిరపడ్డాడు.

"డాక్టర్ ముందట కూసుంటే తప్పు చేసినట్టు ఉంటది ఇలియాస్. చిలక ముందట కూసుంటే ఆటకు కూసున్నట్టు ఉంటది."

ఇలియాస్ ఆరు నెలల్లో చిలకను తయారుచేశాడు. అరచేతిలో పట్టే యంత్రచిలక. నడుస్తుంది, తల వంచుతుంది, ముక్కుతో కార్డు లాగుతుంది. బల్ల మీద ఒక చెక్కచట్రం, అందులో నిలబెట్టిన కార్డులు. బొమ్మలు చిలక వైపు, వీపులు మనిషి వైపు. చిలక ముందు కూర్చోవడమే అడిగినట్టు లెక్క కనుక, మనిషి కూర్చోగానే అతని మూతఫలితాన్ని భావిని చిలకకు మాత్రమే చేరవేస్తుంది. చిలక ఆ ఫలితానికి తగిన బొమ్మ తీసి ఇస్తుంది. ఆ బొమ్మ పట్టుకుని పక్క గదికి వెళ్తే అక్కడి డాక్టరమ్మ దాని అర్థం మెల్లగా విప్పి చెబుతుంది. ఒకవేళ భావిని తన మాట మీద తనకే గట్టి నమ్మకం లేకపోతే చిలక ఏ కార్డూ తీయకుండా ఉట్టి ముక్కుతో తిరిగి రావాలని ఇలియాస్ ఏర్పాటు చేశాడు. భావిని చెప్పగలిగిన కబుర్లను హన్విక ఇరవయ్యేడు రకాలుగా కుదించింది. పాతకాలం చిలకజోస్యంలో ఇరవయ్యేడు నక్షత్రాలకు ఇరవయ్యేడు బొమ్మలు ఉండేవి మరి.

చిలక సులువుగానే కుదిరింది. బొమ్మల దగ్గరే పని ఆగిపోయింది.

మొదట బొమ్మలయంత్రం చేత గీయించారు. అది అడిగిన క్షణంలో వెయ్యి ఇచ్చింది. ఒకదాన్ని మించి ఒకటి అందం. పరీక్షకు కూర్చున్నవాళ్లు కార్డు చూసి బాగుంది అన్నారు, పక్క గదికి వెళ్లేలోపు ఏం చూశారో మరిచిపోయారు. రోజూ నిద్ర లేచింది మొదలు లక్ష యంత్రపు బొమ్మలు చూసే కళ్లు అవి. ఏ బొమ్మా వాటి మీద నిలవలేదు.

తర్వాత ప్రదర్శనశాలల్లోని పాత పటాల నకళ్లు తెప్పించారు. దేవుళ్ల బొమ్మలైతే కొందరికి తమవి, కొందరికి కావు. పాత చిలకజోస్యం కార్డులే సంపాదించి పెడితే, మొదటి రోజే ఒకాయనకు దున్నపోతు మీద యముడు వచ్చాడు. నిజానికి ఆ కార్డుకు ఆయన విషయంలో చక్కెర తగ్గించమని మాత్రమే అర్థం. అది వినకుండానే ఆయన చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తాడు. ఫొటోలు పెట్టి చూశారు. ఫొటోలో ఉన్నవాడు ఎవరో ఒక ఫలానా మనిషి అయిపోతాడు, చూసేవాడు కాలేడు.

"ఎవరైనా చేత్తో వేసి ఇయ్యాలె మేడం. చూసేటోళ్లను ప్రేమించి వేయాలె. అసొంటోళ్లు ఇప్పుడు ఏడ దొరుకుతరు?" అన్నాడు ఇలియాస్.

హన్వికకు ఏడ దొరుకుతారో తెలుసు. అయినా చేర్యాల బస్సు ఎక్కడానికి ఆమెకు నెల పట్టింది.

చేర్యాలలో మేఘన తలుపు తీసి చెల్లెలిని చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది. మంచినీళ్లు ఇచ్చింది. హన్విక చెప్పిందంతా విన్నది. వినడం అయ్యాక లేచి గూట్లోంచి ఉడుతవెంట్రుకల కుంచెలు తీసి, ఎన్నేళ్లకో వాటి ముక్కులు వేళ్లతో సరిచేసింది.

"అమ్మ అసొంటోళ్ల కోసమేనా?" అని అడిగింది.

"అమ్మ అసొంటోళ్ల కోసమే అక్కా."

"అయితే వేస్త."

చింతగింజలు నానబెట్టి రుబ్బి, సుద్దలో కలిపి, మూడు పొరల ఖాదీ గుడ్డ అతికించి ఒక్కొక్క కార్డునూ గట్టిపరిచింది. ఎర్రరంగు పూసిన కార్డుల మీద బొమ్మలు లేచాయి. పగిలిన కుండకు మట్టి మెత్తుతున్న కుమ్మరి. అంటే ఎముక అరుగుతోంది, ఇప్పుడైతే అతుకుతుంది. నీళ్లు పొంగకముందే తూము ఎత్తుతున్న చెరువు కావలి నీరటి. అంటే రక్తపోటు. కాడి దించుకుని నీడన నిలబడ్డ ఎద్దు. అంటే పని తగ్గించు, గుండె అలిసింది. పాలకుండ నెత్తిన పెట్టుకుని నవ్వుతున్న పిల్ల. అంటే ఏ భయమూ లేదు, పోయి నీ పని చూసుకో. హన్విక వారం వారం వచ్చి కూర్చునేది. అక్క రంగు నూరుతుంటే గంజి కలిపి ఇచ్చేది. ఇద్దరూ తల్లి మాట ఎత్తలేదు. కాని ఒకనాడు మేఘన ఏదో చెబితే హన్విక పకపకా నవ్వింది, ఆ నవ్వుకు మేఘన చేతిలో పని ఆపి చెల్లెలి ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది.

నకాషీ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బొమ్మ అంతా పూర్తయ్యాకే చివరికి కళ్లు పెడతారు. కళ్లు పెట్టేదాకా అది గుడ్డ, పెట్టాక ప్రాణి. చిన్నప్పుడు ఆ పని తండ్రి ఎప్పుడూ హన్వికకే ఇచ్చేవాడు. గీయడం ఆమెకు రాదు కాని చెయ్యి వణికేది కాదు.

ఇరవయ్యేడో కార్డు అర్థం బృందంలో అందరికీ తెలుసు. 'ఏడాది లోపల. మందు లేదు.' ఇలాంటిది కూడా చెప్పాలా అని వాదనలు జరిగాయి. చెప్పాల్సిందేనని హన్వికే పట్టుబట్టింది. తల్లితో చివరి ఏడాది తనకు దక్కలేదు. అది ఇంకెవరికీ జరగకూడదని ఆమె కోరిక. చూడవలసినవాళ్లను చూసుకోవాలి, చెప్పవలసింది చెప్పుకోవాలి.

బొమ్మలు అప్పగించే రోజు మేఘన ఇరవయ్యారు కార్డులు ఒక కట్టగా ఇచ్చి, ఆ చివరిదాన్ని తెల్లగుడ్డలో చుట్టి వేరుగా ఇచ్చింది.

"దీన్ని నువ్వొక్కదానివే తీరికగ విప్పి చూడు చెల్లె. చూసినాంక నాతోటి మాట్లాడు."

హన్విక సరేనంది. తెల్లగుడ్డను సొరుగులో పెట్టింది. రేపు చూద్దాం అనుకుంది. ఎల్లుండి అనుకుంది. ఆ సొరుగు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఇంకేదో పని గుర్తొచ్చేది. ప్రారంభోత్సవం ముంచుకొచ్చాక ఇలియాస్ కార్డులు అడిగితే తెల్లగుడ్డను అలాగే అతని చేతిలో పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. అతనూ మనిషే. ముఖం పక్కకు తిప్పుకుని గుడ్డ విప్పి, కార్డును చట్రం చివర దూర్చాడు. మరి చిలకకు బొమ్మలు నేర్పింది వేటితో అంటే, మేఘన మొదట పంపిన పెన్సిలు గీతలతో. అన్నిటికీ కళ్లు ఉన్న గీతలు అవి. ఆ విధంగా లోకంలోని ముందుచూపునంతా తయారుచేసిన ఇద్దరు శాస్త్రవేత్తలు, తమ బల్ల మీది ఒక్క కార్డును మాత్రం చూడలేదు.

శ్రావణంలో ప్రారంభం జరిగింది. మొదట ఎవరు కూర్చుంటారు అంటే మేఘన ముందుకొచ్చింది. తన బొమ్మలను తానే మొదట అడగాలని ఆమెకు సరదా. చిలక చట్రం వెంట ఈ చివరి నుంచి ఆ చివరకు నడిచింది. అక్కడ ఆగి తల అటు వంచి, ఇటు వంచి చూసింది. మళ్లీ వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. చివరకు చిలక మేఘన ఎదుటికి వచ్చి ఉట్టి ముక్కు తెరిచింది.

"భావినికి సరిగ తెలుస్తలేదు మేడం, ఇంకోసారి చూద్దాం," అన్నాడు ఇలియాస్.

జనంలోంచి ఒక పెద్దాయన అరిచాడు. "తెలుస్తలేదు అంటరేంది? విధి చేతికి దొరకలే! ఉట్టిగ వచ్చిందంటే ఏ గండం లేనట్టే!"

అందరూ చప్పట్లు కొట్టారు. హన్విక కూడా నవ్వుతూ కొట్టింది. మేఘన లేచి బల్ల చుట్టూ తిరిగి, చిలక తల నిమిరి, అవతలి వైపు నుంచి తన బొమ్మలను ఒకసారి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. తర్వాత చెల్లెలి దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుని, "మంచిగున్నది," అంది. ఆ చెయ్యి వదల్లేదు.

ఆ రోజు తర్వాత ఫలితాల కిటికీ ఉద్యోగికి ఆవలించే తీరిక లేకపోయింది. జనం చిలక కోసం వచ్చారు. బొమ్మ చూసి నవ్వుకున్నారు, గుర్తుపెట్టుకున్నారు, దాని నకలు ఇంటికి తీసుకెళ్లి గోడకు పెట్టుకున్నారు. 'నాకు నీరటి వచ్చిండు' అని చెప్పుకుని మందులు మింగారు. కుమ్మరి వచ్చినవాళ్లు ఎముకలు బాగుచేయించుకున్నారు. ఎందరో బతికారు. రోజుకు ఇద్దరికో ముగ్గురికో చిలక ఉట్టిగా వచ్చేది. వాళ్ల సంబరం అంతా ఇంతా కాదు. రొట్టెలు చిదిమి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి వరుసలో ఉన్న వాళ్లందరికీ పంచేవారు. మలీద బతుకమ్మకూ ఉంటుంది, పీర్ల పండుగకూ ఉంటుంది కాబట్టి ఎవరికీ పేచీ లేదు. మళ్లీ వచ్చి ఇంకోసారి చూపించుకోండని వాళ్లకు కేంద్రం నుంచి కబురు వెళ్లేది. ఒక్కరూ రాలేదు. వచ్చిన అదృష్టాన్ని ఎవరు తిరగబెట్టుకుంటారు?

చైత్రంలో యాదగిరి అనే బస్సు మెకానిక్కు మలీద గిన్నె పట్టుకుని హన్విక గదికి వచ్చాడు.

"చిలకకు తెచ్చిన మేడం. అది తినదని తెలుసు, ఊకె ముందట పెడుదమని. పోయిన దసరా ముంగట నా భార్యకు ఉట్టిగ వచ్చింది. మస్తు ఖుషీ అయినం. విశాఖ పోయినం, సముద్రం చూసినం. ఆమె జన్మల సముద్రం చూడలే." గిన్నె బల్ల మీద పెట్టాడు. "పోయిన నెల పోయింది."

హన్విక కుర్చీలో ముందుకు వంగింది. "ఏమైంది?"

అతను జబ్బు పేరు చెప్పాడు. భావిని ఎన్నడూ తప్పు చదవని జబ్బు అది. దాని విషయంలో యంత్రానికి అనుమానం అనే మాటే ఉండదు.

"చిలకను ఏమంటలేను మేడం. ఆఖరి దినం దాక ఆమెకు ఒక్క ఫికరు లేకుండె. గదే మంచిగనిపిచ్చింది. కాకపోతే..." గిన్నె మూత సరిచేశాడు. "మా బిడ్డ పరీక్షలని రాలే. అయినాంక నిమ్మలంగ వస్తనన్నది. తెలిస్తే వచ్చేదేమో."

అతను వెళ్లాక హన్విక ఇలియాస్‌ను పిలిచింది. ఇద్దరూ చట్రం దగ్గరకు వెళ్లారు. ఈ తొమ్మిది నెలల్లో చిలక ఒక్కసారి కూడా తీయని కార్డు ఒకటే ఉంది. దాన్ని ఇలియాస్ బయటికి లాగాడు.

గడప మీద చెయ్యి ఆనించి లేవబోతున్న ముసలామె. ఇంకో చేతిలో తమలపాకు. కొంగు, నడుము వంపు, కాలివేలికి వెండి మట్టె, అంతా హన్విక తల్లి. ముఖంలో కళ్లు ఉండవలసిన చోట రెండు తెల్లటి ఖాళీలు.

"యా అల్లా," అన్నాడు ఇలియాస్ మెల్లగా. "చిలక కళ్లను బట్టే బొమ్మను గుర్తుపడుతది మేడం. నేను నేర్పలే. బొమ్మలు చూసి చూసి అదే నేర్చుకున్నది. కళ్లు లేకపోతే దానికి ఇది బొమ్మే కాదు, ఉట్టి గుడ్డ."

అతను ఇంకేదో చెబుతున్నాడు. హన్విక అప్పటికే మెట్లు దిగుతోంది. మొదటి రోజు, మొదటి మనిషికి, చిలక చట్రం చివరిదాకా నడిచి ఉట్టిగా తిరిగి వచ్చింది. తను చప్పట్లు కొట్టింది.

చేర్యాలలో మేఘన మంచం మీద కూర్చుని ఉంది. పండుగలకు కలిసినప్పుడల్లా అక్క చిక్కిపోయిందని హన్వికకు అనిపిస్తూనే ఉంది. వయసు అనుకుని వదిలేసింది. ఇప్పుడు చూస్తే ఆ భుజాలకు రవిక వదులై వేలాడుతోంది.

"తెలిసిందా?" అని అడిగింది మేఘన.

హన్విక కార్డు తీసి మంచం మీద పెట్టింది. "ఎందుకు పెట్టలేదు అక్కా కండ్లు?"

"అమ్మ అది. తక్కినవాటికి నేనే పెట్టిన, అమ్మకు కండ్లు నువ్వు పెడతవని ఉంచిన. కండ్లు పెట్టుడు ఎప్పుడూ నీ పనే గద. ఇద్దరం కలిసి పంపుదమనుకున్న. తీరికగ విప్పి చూడు, చూసినాంక నాతోటి మాట్లాడు అన్న గద చెల్లె. నువ్వు మాట్లాడలే. కండ్లు పెట్టి ఏడుస్తున్నవేమో, ఇప్పుడు అడుగొద్దు అనుకున్న."

హన్విక కార్డు మీది ఆ రెండు ఖాళీలను వేలితో తడిమింది.

"ఆ దినం బల్ల అవుతలికి పోయి చూసినప్పుడు తెలిసింది, నువ్వు అసలు విప్పనే లేదని. చిలకకు అమ్మ ఎందుకు కనబడలేదో కూడ అప్పుడే తెలిసింది."

"అప్పుడే ఎందుకు చెప్పలేదే? ఒక్క మాట!"

"ఎట్ల చెప్పుదు? చెప్తే నేను పోతున్నననీ తెలుస్తది, నువ్వు చూడలేదనీ తెలుస్తది. రెండూ ఒక్కసారే నీ మీద ఎట్ల వేద్దును?" మేఘన చెల్లెలి చెయ్యి అందుకుంది. "ఎన్నో ఏండ్లకు నాకు నువ్వు దొరికినవు. నవ్వుతున్నవు. ఆ నవ్వు జర ఉండనీ అనుకున్న. ఇంతమందికి అట్లనే అయితదని నాకు తట్టలే. అది నా తప్పే."

హన్విక అక్క ఒడిలో తల పెట్టి పసిపిల్లలా ఏడ్చింది. అమ్మను చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్లలేదని పదిమందిలో అక్కను దులిపేసిన మనిషి, తెల్లగుడ్డ ఒకటి విప్పలేకపోయింది. ఆ సిగ్గు ఏడ్చినా పోలేదు.

కొంతసేపటికి మేఘన అడిగింది. "నీది నువ్వు చూసుకున్నవా?"

హన్విక తల ఎత్తలేదు. ఏటా అందరితోపాటు ఆమె కూడా రక్తం ఇస్తుంది. భావినికి మాటలు నేర్పిన ఆమె, దాన్ని తన గురించి ఏనాడూ అడగలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

కేంద్రం జరిగిన తప్పును దాచలేదు. చిలక ఉట్టిగా రావడం మంచికి గుర్తు కాదని, అలా వచ్చినవాళ్లు వెంటనే వచ్చి కలవాలని ఊరూరా చాటించారు. హాలులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. హన్విక తానే వరుస దగ్గర నిలబడి చెప్పింది. జనం శ్రద్ధగా విన్నారు. ఆ మర్నాడు ఒక ముసలామెకు చిలక ఉట్టిగా వస్తే, ఆమె మనవరాళ్లు ఈల వేసి మలీద ముద్దల గిన్నె తెరిచారు. హన్విక దగ్గరకు వెళ్లి మళ్లీ విడమరిచి చెప్పబోయింది. ముసలామె ఆమె నోట్లో ఒక ముద్ద పెట్టి, "మీరు సదువుకున్నోళ్లు గట్లనే అంటరు బిడ్డా, తిను," అంది. మనుషులు వినదలుచుకోనిది చెప్పడానికి ఏ యంత్రమూ ఇంకా పుట్టలేదు.

కార్డుకు కళ్లు పెట్టే పనిని రేపు రేపని వాయిదా వేస్తూ, హన్విక సెలవు పెట్టి అక్క దగ్గరే ఉండిపోయింది. ఇద్దరూ తల్లి గురించి మాట్లాడుకున్నారు, ఏళ్ల తరబడి మింగినదంతా మాట్లాడుకున్నారు. మిగిలింది కొద్ది కాలమే. అందులోనూ మేఘన ఎక్కువగా నిద్రపోయేది. శ్రావణం నుంచి తెలిసి ఉంటే ఇంకెన్ని మాటలు ఉండేవో అని హన్విక గుండె కోసుకుపోయేది. వానలు మొదలయ్యేసరికి మేఘన పోయింది. పోయేముందు ఒకే ఒక కుంచె చెల్లెలికి ఇచ్చింది. అన్నిటికన్నా సన్నది, కళ్లు పెట్టేది.

పైఅధికారుల నుంచి ఉత్తర్వు వచ్చింది. చివరి కార్డుకు కళ్లు పెట్టండి, లేదా చిలకను మూసేయండి. హన్విక ఆ పొద్దున దీపపు మసి నూరి సిద్ధం చేసింది. కార్డును బల్ల మీద పరిచింది. కుంచె పట్టుకుంది. చెయ్యి వణకలేదు. బయట వరుస అప్పుడే హాలు దాటి వీధిలోకి పెరిగింది. వాళ్లు అద్దాల తలుపులోంచి లోపలికి తొంగిచూస్తున్నారు.

కుంచె కొన తల్లి ముఖానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. హన్విక దాన్ని పక్కన పెట్టేసింది. కార్డు తీసుకెళ్లి చట్రం చివర, దాని చోట్లో నిలబెట్టింది. వచ్చి చిలక ముందు కూర్చుంది.

"ముందు నాది అడుగు ఇలియాస్."

అతను తెల్లబోయాడు. "మేడం, కళ్లు పెట్టినాంకనే అడుగుదాం. ఇప్పుడు ఉట్టిగ వస్తే..."

"ఏమైతదో నాకు తెలుసు. అడుగు."

ఇలియాస్ మీట నొక్కాడు. చిలక నడక మొదలుపెట్టింది. కుమ్మరిని దాటింది. నీరటిని దాటింది. ఎద్దును దాటింది. పాలకుండ పిల్ల ముందు ఆగకుండా పోయింది. చట్రం చివర నిలబడి తల అటు వంచి, ఇటు వంచి చూసింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. అక్క వేసిన అమ్మ దానికి కనబడలేదు. అది తిరిగి వచ్చి హన్విక ముందు నిలబడి, ముక్కు తెరిచింది. ముక్కులో ఏమీ లేదు.

ఇలియాస్ తల ఎత్తలేకపోయాడు. చట్రం అంచును గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. హన్విక చిలకను చాలాసేపు చూసింది. ఆ ఖాళీ ముక్కుకు అర్థం ఈ లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆమె.

"కళ్లు పెడదామా మేడం?" అన్నాడు ఇలియాస్. "మసి ఎండిపోతున్నది."

హన్విక కుంచెను నీళ్లలో ముంచి, మసి పోయేదాకా కడిగి, కొన సరిచేసి కొంగుతో తుడిచింది.

"ఉట్టిగనే వచ్చింది గద ఇలియాస్," అంది. "మంచిదే. ఏ గండం లేనట్టే. మలీద చెయ్యమని చెప్పు. వరుసల ఉన్నోళ్లందరికీ పంచాలె."

అద్దాల అవతల జనం చప్పట్లు కొట్టారు.